అర్జీలోని చిన్న మాటలు: లెక్కకు రాని నామములు, ఇంగ్లీషు ఉపపదములు

(సంఘము పక్షమున అర్జీలు, వినతిపత్రములు వ్రాయు కార్యకర్తల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము నేను మాటలాడబోవు విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. ఇంగ్లీషులో “ఎ”, “యాన్”, “ది” అను మూడు చిన్న మాటలు గలవు. మన బడి వ్యాకరణములు వీనిని ఉపపదములనినవి. ఇంగ్లీషులో ఆర్టికిల్సు అందురు. మన రాజ్యాంగములోని అధికరణములను గూడ ఇంగ్లీషులో ఆర్టికిల్సనియే అందురు. మన సంఘమువంటి సంఘములకు ఈ రెండు విధముల ఆర్టికిల్సుతోను పని యున్నది. రాజ్యాంగపు ఆర్టికిల్సును మనము కంఠస్థము చేసితిమి. 29, 30, 350, 350-ఎ, 350-బి అని పిల్లవాడు ఎక్కము చదివినట్లు చదువగలము. వ్యాకరణపు ఆర్టికిల్సు సంగతి మాత్రము మనలో పట్టించుకొన్నవారు తక్కువ. దానివలన కలిగిన నష్టము నొకదానిని మొదట మనవి చేసెదను. ఆ తప్పు నాదే గనుక చెప్పుటకు సంకోచము లేదు.

చాల ఏండ్ల క్రిందట మా పట్టణములోని యొక ప్రాథమిక పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేసెను. ఆ స్థానము భర్తీ కాలేదు. తరగతిలో 10 మంది గాని, పాఠశాల మొత్తముమీద 40 మంది గాని పిల్లలున్నచో వారి మాతృభాషలో బోధించు ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949 ఆగస్టులో నాటి రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము తీర్మానించిన సంగతి మీరెరుగుదురు. మాకు పిల్లల సంఖ్య సరిపోయినది. అర్జీ వ్రాయు పని నాకప్పగించిరి. మూడవ పేరాలో నేను చెప్పదలచిన దేమనగా, “మొదట తల్లిదండ్రులు వెనుకాడిరి, ఇప్పుడు వారిలో కొంత ఆసక్తి కలిగినది” అని. వ్రాసిన దేమనగా, “దేర్ ఈజ్ నౌ లిటిల్ ఇంట్రెస్ట్ ఎమాంగ్ ది పేరెంట్స్” అని. “లిటిల్”కు ముందు “ఎ” లేదు. “ఎ లిటిల్ ఇంట్రెస్ట్” అనిన కొంత ఆసక్తి గలదని అర్థము. ఉత్త “లిటిల్ ఇంట్రెస్ట్” అనిన ఆసక్తి దాదాపు లేదని అర్థము. రెండు నెలలకు పై కార్యాలయము నుండి ప్రత్యుత్తరము వచ్చినది. తల్లిదండ్రులకు ఇప్పుడు ఆసక్తి లేదని అర్జీదారులే తమ మూడవ పేరాలో ఒప్పుకొనుచున్నందున చర్య అవసరమని తోచలేదని అందులో నుండెను.

ఆ అధికారిని నేను నిందింపజాలను. ఆయన ఉన్నదున్నట్లు చదివెను. మేము మరల వ్రాసితిమి. ఉపాధ్యాయుడు వచ్చెను గాని అప్పటికి ఒక విద్యాసంవత్సరము గడచిపోయినది. ఆ యేడు మూడవ తరగతిలో నున్న పిల్లలలో కొందరు వేరొక మాధ్యమమునకు మారిరి, తిరిగి రాలేదు. వారిలో ఒకరు, నేడు మంచి యుద్యోగములో నున్నవారు, పండుగలకు నాకు ఫోనులో తెలుగు శుభాకాంక్షలు పంపుచుందురు. భాష తెలుగే, లిపి మాత్రము ఇంగ్లీషు. దానిని చదివినపుడెల్ల నాకు ఆ మూడవ పేరా జ్ఞప్తికి వచ్చును.

అసలు ఇంగ్లీషులో ఏల వ్రాయవలెనని మీలో కొందరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. 350వ అధికరణము ప్రకారము కేంద్రములో గాని, ఆ రాష్ట్రములో గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను మనము ఫిర్యాదు చేసికొనవచ్చును. తెలుగులో వ్రాయుడు, తప్పక వ్రాయుడు. కాని ఆ కాగితము మన జిల్లాను దాటి పోవునపుడు దానితో ఒక ఇంగ్లీషు ప్రతియు పోవుచున్నది. హైకోర్టు వరకు పోయినచో 348వ అధికరణమును బట్టి అక్కడి వ్యవహారము సాధారణముగా ఇంగ్లీషులోనే సాగును. మన మాటను మన కన్నులెదుట లేనివారు, మనల నెరుగనివారు చదువుదురు. మనము ప్రక్కన నిలిచి “అయ్యా, నా యుద్దేశ మది కాదు” అని చెప్పుకొను నవకాశ ముండదు.

ఇక తప్పు ఎక్కడ పుట్టుచున్నదో చూతము. తెలుగులో ఉపపదములు లేవు. “పుస్తకము తెచ్చితిని” అన్నపుడు అది ఏదో యొక పుస్తకమా, మనము నిన్న చెప్పుకొన్న పుస్తకమా యనునది సందర్భమే చెప్పును. అవసరమైనచో “ఒక”, “ఆ” అను మాటలు చేర్తుము. ఇంగ్లీషు ఉపపదములును పుట్టుకచేత ఇట్టివే. “ఎ”, “యాన్” అనునవి ప్రాచీనాంగ్లములో “ఒకటి” అను అర్థముగల సంఖ్యావాచకమునుండియు, “ది” అనునది “ఆ” వంటి నిర్దేశక పదమునుండియు వచ్చినవి. భేద మేమనగా మనకు ఇవి ఇష్టమున్నపుడు వేసికొను ఉత్తరీయములు. వారికి విడువరాని పంచెలు.

మన చుట్టుపట్ల భాషలును ఈ విషయమున మనకు తోడు రావు. తమిళ, కన్నడ, మరాఠీ భాషలలోను ఇంగ్లీషు వలె ఉపపదములు లేవు. ఒడియాలో మాత్రము “టి”, “టా” అనునవి నామము చివర చేరి ఇదివరకు తెలిసిన వస్తువును సూచించుచు “ది” వంటి పని చేయును. బరంపురము, పర్లాకిమిడి ప్రాంతముల మిత్రులకు ఆ భేదము నాలుకమీదనే యున్నది గాని ఇంగ్లీషు వ్రాయ కూర్చున్నపుడు జ్ఞప్తికి రాదు. యానామువారి సంగతి వేరు. 1954 వరకు ఫ్రెంచి పాలనలో నున్న ఊరు గనుక అక్కడి పాతతరము వారిలో ఫ్రెంచి చదివినవారుండిరి. ఫ్రెంచిలో స్వేచ్ఛ అన్నను “లా లిబెర్తె”, న్యాయమన్నను “లా జుస్తీస్”. భావనామములకు ఉపపద మక్కడ తప్పనిసరి. నీరు, రొట్టె వంటివానికి “కొంత” అను అర్థమునిచ్చు వేరొక ఉపపదము గూడ గలదు. ఆ యలవాటుతో ఇంగ్లీషులో “ది లిబర్టీ”, “ది జస్టిస్” అని వ్రాయుట సహజమే గాని ఇంగ్లీషున అది చెల్లదు.

లెక్కకు వచ్చు నామములు, లెక్కకు రాని నామములు అను విభాగము మనకు క్రొత్త కాదు. పాలు, నీళ్లు, వడ్లు, కందులు నిత్యబహువచనములని మనము చిన్ననాడే చదివితిమి. బంగారము, వెండి, నూనె, నెయ్యి ఏకవచనములోనే యుండును. తెలుగు నేర్చుకొనుచున్న పరభాషీయుడు “పాలు విరిగినది” అనినచో మనము చిరునవ్వు నవ్వుదుము. అర్థము కాక కాదు, చెవికి తగులును గనుక. మనము “ఫర్నిచర్స్” అనినపుడు అవతలివారి చెవికి తగులునది సరిగా ఇట్టిదే.

చిక్కెక్కడ ననగా, ఏ వస్తువును లెక్కింపవచ్చును, ఏది లెక్కింపరాదు అను విషయమున రెండు భాషలును ఒకే గీత గీయలేదు. తెలుగులో “ఒక సలహా చెప్పుడు”, “రెండు సలహాలు” అందుము. అందుచేత “యాన్ అడ్వైస్”, “టూ అడ్వైసెస్” వచ్చుచున్నవి. “ఒక సమాచారము తెలిసినది” అందుము. “యాన్ ఇన్ఫర్మేషన్” అని వ్రాసెదము. “నాకొక పని యున్నది” అనునది “ఐ హావ్ ఎ వర్క్” అగుచున్నది. సామానులు “లగేజెస్” అయినవి, సాక్ష్యములు “ఎవిడెన్సెస్” అయినవి, పరికరములు “ఎక్విప్‌మెంట్స్” అయినవి, అనుమతి “ఎ పర్మిషన్” అయినది. ఇవన్నియు చక్కని తెలుగు వాక్యములకు ఇంగ్లీషు చొక్కా తొడిగినవే. అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఎవిడెన్స్, ఫర్నిచర్, ఎక్విప్‌మెంట్, లగేజ్, న్యూస్, ప్రోగ్రెస్, హోంవర్క్ అను మాటలకు ముందు “ఎ” గాని “యాన్” గాని ఎన్నడును రాదు. “న్యూస్” చివర “స్” ఉన్నను అది ఏకవచనమే. ఈ తొమ్మిదింటిని గుర్తుంచుకొన్నచో మన అర్జీలలోని తప్పులలో పెద్దభాగము తొలగును.

మరి ఒక్క సలహాను ఎట్లు చెప్పవలెను? బియ్యమును మనమెట్లు చెప్పుదుమో అట్లే. బియ్యమును ఒకటి రెండని లెక్కింపము. మానికతోనో బస్తాతోనో కొలిచి మానికలను, బస్తాలను లెక్కింతుము. “ఎ పీస్ ఆఫ్ అడ్వైస్”, “యాన్ ఐటమ్ ఆఫ్ న్యూస్”, “ఎ పీస్ ఆఫ్ ఎవిడెన్స్” అనునవి అట్టి మానికలు. అయినను ప్రతి వాక్యములోను “పీస్ ఆఫ్” వేయుట మంచిది కాదు. “సమ్”, “ఎనీ”, “మచ్” అను మాటలు చాలును. 2005 నాటి సమాచార హక్కు చట్టము పేరునే చూడుడు: “రైట్ టు ఇన్ఫర్మేషన్”. ఇన్ఫర్మేషనుకు ముందు ఏమియు లేదు. ఆ చట్టము ఆరవ సెక్షనులో సమాచారము కోరు వ్యక్తిని గూర్చి చెప్పునపుడు “ఎనీ ఇన్ఫర్మేషన్” అన్నారు. మనవారు సమాచారమునకై పెట్టు దరఖాస్తులో మాత్రము “ప్లీజ్ గివ్ మి యాన్ ఇన్ఫర్మేషన్” అని యుండును. ఇందులో మరియొక వింత గలదు. న్యాయపరిభాషలో “యాన్ ఇన్ఫర్మేషన్” అను ప్రయోగము లేకపోలేదు; దాని యర్థము ఒకరిపై కోర్టులో దాఖలు చేసిన నేరారోపణ పత్రము. మనము పాఠశాలల పట్టిక కావలెనని వ్రాయుచు నేరారోపణ పత్ర మడిగినట్లగును.

బహువచనము చేసినంత మాత్రమున అర్థమే మారిపోవు మాటలు కొన్ని గలవు. మనకు నిత్యము పని కలిగించునది “ఇన్‌స్ట్రక్షన్” అను మాట. ఏకవచనములో, ఉపపదము లేకుండ, దాని యర్థము బోధన. “ఇన్‌స్ట్రక్షన్స్” అనినచో ఆదేశములు, సూచనలు. “ఇన్‌స్ట్రక్షన్ ఇన్ తెలుగు” అనిన తెలుగులో బోధన. “ఇన్‌స్ట్రక్షన్స్ ఇన్ తెలుగు” అనిన తెలుగులో ఆదేశములు. పిల్లలకు తెలుగు చదువు కావలెనని పంపిన అర్జీకి, తెలుగులో సూచనల బోర్డు వ్రాయించెదమని ప్రత్యుత్తరము వచ్చినను మనము ఆశ్చర్యపడరాదు. ఇట్టిదే “డ్యామేజ్”. వరదలో గ్రంథాలయమునకు కలిగిన నష్టము “డ్యామేజ్”. కోర్టు ఇప్పించు నష్టపరిహారము “డ్యామేజెస్”. “ది లైబ్రరీ సఫర్డ్ డ్యామేజెస్” అని వ్రాసినవారు గ్రంథాలయము పరిహారమును అనుభవించినదని చెప్పిరన్నమాట.

ఇప్పుడు నాకు ప్రియమైన భాగమునకు వచ్చితిని. ఈ ఉపపదముల విషయమున మనకు వేరే పాఠ్యపుస్తకము అక్కరలేదు. మనము నిత్యము ఉదాహరించు రాజ్యాంగపు ఇంగ్లీషు ప్రతియే చాలును. దానిని మనము హక్కులకొరకు చదివితిమి గాని భాషకొరకు చదువలేదు.

350-ఎ అధికరణమును తీసికొందము. రాష్ట్రముల పునర్విభజన జరిగిన 1956లో ఏడవ సవరణ ద్వారా చేరినది. అందులో “యాడిక్వేట్ ఫెసిలిటీస్ ఫర్ ఇన్‌స్ట్రక్షన్ ఇన్ ది మదర్ టంగ్ అట్ ది ప్రైమరీ స్టేజ్ ఆఫ్ ఎడ్యుకేషన్” అను మాటలు గలవు. ఒక్కొక్క నామమును ముట్టి చూడుడు. ఫెసిలిటీస్, అనగా సౌకర్యములు, లెక్కకు వచ్చునవి, కనుక బహువచనము. ఇన్‌స్ట్రక్షన్, బోధన, లెక్కకు రానిది; ఉపపదము లేదు, బహువచనము లేదు. మదర్ టంగ్, ఆ పిల్లవాని మాతృభాష, ఏదో యొకటి కాదు, నిర్ణయమైనది, కనుక “ది”. స్టేజ్, దశ, ప్రాథమిక దశ ఒక్కటే గనుక “ది”. ఎడ్యుకేషన్, విద్య, సామాన్యముగా చెప్పినది. కనుక ఏమియు లేదు. “ది ప్రైమరీ స్టేజ్ ఆఫ్ ది ఎడ్యుకేషన్” అని వ్రాయుట మనవారి యలవాటు. ఆ “ది” స్టేజికి చెందినది, విద్యకు చెందినది కాదు.

29వ అధికరణమును, 30వ అధికరణమును ప్రక్కప్రక్కన పెట్టినచో ఇంకను చక్కని సంగతి కనబడును. 30వ దానిలో అల్పసంఖ్యాకులు “బేస్డ్ ఆన్ రెలిజియన్ ఆర్ లాంగ్వేజ్” అన్నారు. ఇక్కడ లాంగ్వేజికి ఉపపదము లేదు. మతము, భాష అను ప్రాతిపదికలే చెప్పవలసినవి. ఎన్ని భాషలు, ఏ భాష అను ప్రసక్తి లేదు. 29వ దానిలో “ఎ డిస్టింక్ట్ లాంగ్వేజ్, స్క్రిప్ట్ ఆర్ కల్చర్ ఆఫ్ ఇట్స్ ఓన్” అన్నారు. ఇక్కడ “ఎ” వచ్చినది. ఇతరుల భాషలనుండి వేరుగా గుర్తింపదగిన ఒక భాష, ఒక లిపి, ఒక సంస్కృతి గల సమూహము అని యర్థము. కల్చర్ అను మాట సాధారణముగా లెక్కకు రానిదే. అయినను “ఒకరిది ఇట్టిది, మరొకరిది అట్టిది” అని విడదీసి చూచినపుడు అది లెక్కకు వచ్చును. చూడుడు, మనమొక ప్రత్యేక సమూహమను సంగతి ఆ వాక్యములో “ఎ” అను ఒక్క యక్షరము మోయుచున్నది! మూడు తరములుగా ఈ నేలమీద నిలిచి, ఇక్కడి భాష మాటలాడుచు, ఇంట తెలుగు పలుకు మనవంటివారికి ఆ యక్షరము విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇక “ది” సంగతి. లెక్కకు రాని నామము తరువాత “ఆఫ్” వచ్చినచో ముందు “ది” వేయవలెనని బడిలో చెప్పిరి. అది సగము నిజము. రాజ్యాంగ ప్రవేశికను చదువుడు. జస్టిస్, లిబర్టీ, ఈక్వాలిటీ, ఫ్రెటర్నిటీ అను నాలుగు గొప్ప మాటలలో దేనికిని ఉపపదము లేదు. “లిబర్టీ ఆఫ్ థాట్” అన్నారు. “ఆఫ్” ఉన్నను “ది” రాలేదు. 19వ అధికరణములోని “ఫ్రీడం ఆఫ్ స్పీచ్” అనునదియు నట్టిదే. కాని అదే ప్రవేశికలో కొంచెము క్రిందుగా “ది డిగ్నిటీ ఆఫ్ ది ఇండివిడ్యువల్” అనియు, “ది యూనిటీ అండ్ ఇంటెగ్రిటీ ఆఫ్ ది నేషన్” అనియు ఉన్నది. అక్కడ “ది” వచ్చినది. కారణ మేమి?

నేను చాలకాలము దీనితో కుస్తీ పట్టి, తెలుగు ప్రశ్నలు రెండు కల్పించుకొంటిని. “ఆఫ్” తరువాతి మాట “ఎట్టిది?” అను ప్రశ్నకు సమాధానమైనచో “ది” అక్కరలేదు. ఎట్టి స్వేచ్ఛ? ఆలోచనా స్వేచ్ఛ. ఎట్టి స్వాతంత్ర్యము? వాక్‌స్వాతంత్ర్యము. ఇక్కడ “ఆఫ్” అనునది రకమును మాత్రము చెప్పుచున్నది. విషయ మింకను సామాన్యమే. అది “ఎవరిది?” “దేనిది?” అను ప్రశ్నకు సమాధానమైనచో “ది” రావలెను. ఎవరి గౌరవము? వ్యక్తిది. దేని ఐక్యత? జాతిది. ఇక్కడ యజమాని దొరికెను గనుక వస్తువు నిర్ణయమైనది. 350వ అధికరణములో “ఎ రిప్రజెంటేషన్ ఫర్ ది రిడ్రెస్ ఆఫ్ ఎనీ గ్రీవెన్స్” అన్నారు. రిప్రజెంటేషన్, వినతి, లెక్కకు వచ్చునది, మొదటిసారి చెప్పుచున్నది; కనుక “ఎ”. రిడ్రెస్, నివారణ, లెక్కకు రానిది. కాని దేని నివారణ? ఫిర్యాదుది, కనుక “ది”. ఈ పరీక్షను మన వాక్యములపై ప్రయోగించుడు. “హిస్టరీ ఆఫ్ తెలుగు పీపుల్” అని మన సంచికలోనే యొక శీర్షిక చూచితిని. ఎవరి చరిత్ర? తెలుగువారిది. కనుక “ది హిస్టరీ ఆఫ్ ది తెలుగు పీపుల్”. “ఎడ్యుకేషన్ ఆఫ్ అవర్ చిల్డ్రన్” కాదు, “ది ఎడ్యుకేషన్ ఆఫ్ అవర్ చిల్డ్రన్”. ఈ పరీక్ష నూటికి నూరుపాళ్లు నిలుచునని చెప్పను. పుస్తకముల పేర్లలోను, పత్రికా శీర్షికలలోను “ది”ని వదలుట గలదు. కాని అర్జీ పత్రికా శీర్షిక కాదు.

విశేషణము చేరినపుడు జరుగు మార్పు మరియొకటి. ఎడ్యుకేషన్, నాలెడ్జ్ అను మాటలు ఒంటరిగా నున్నపుడు “ఎ” నంగీకరింపవు. విశేషణము తోడైనపుడు అంగీకరించును: “ఎ సౌండ్ ఎడ్యుకేషన్”, “ఎ గుడ్ నాలెడ్జ్ ఆఫ్ తెలుగు”. ఉద్యోగ ప్రకటనలలో “ఎ వర్కింగ్ నాలెడ్జ్ ఆఫ్ కన్నడ” అని మీరు చూచియుందురు. ఇది చూచి మనవారికి ధైర్యము వచ్చి “ఎ గుడ్ అడ్వైస్”, “ఎ యూస్‌ఫుల్ ఇన్ఫర్మేషన్”, “ఎ గ్రేట్ ప్రోగ్రెస్” అని వ్రాయుదురు. అవి తప్పులు. ఇందాక చెప్పిన తొమ్మిది మాటలును ఎంత మంచి విశేషణము చెంతనున్నను మెత్తబడవు. ఏవి మెత్తబడును, ఏవి మెత్తబడవు అనుటకు సూత్ర మడుగవద్దు. మన పాలు బహువచన మేల, నెయ్యి ఏకవచన మేల అని ఇంగ్లీషువా డడిగిన మనమేమి చెప్పగలము?

మన భాష పేరు విషయమున ఒక్క మాట. భాషల పేర్లకు “ది” చేరదు. “మై మదర్ టంగ్ ఈజ్ తెలుగు”, అంతే. “లాంగ్వేజ్” అను మాట చేర్చినచో “ది తెలుగు లాంగ్వేజ్” అనవలెను. “ది తెలుగు” అని యూరకున్నచో వినువాడు తరువాతి మాటకై ఎదురుచూచును. “ది తెలుగూస్” అనిన తెలుగు ప్రజలు. ఒక తీర్మానములో “టు ప్రిజర్వ్ ది తెలుగు ఇన్ దిస్ స్టేట్” అని చదివితిని. భాషను కాపాడుడనిరో, రాష్ట్రమున మిగిలిన యొకానొక తెలుగువానిని కాపాడుడనిరో తెలియకపోయెను. అక్కడ నవ్వితిని గాని తరువాత నవ్వు రాలేదు.

సమయము మించుచున్నది. చివరగా, ఈ బల్లమీద నున్న చిత్తుప్రతిని చూతము. వచ్చే వారము పంపవలసిన వినతిపత్ర మిది. దీనిని వ్రాసినవారు శ్రమపడి వ్రాసిరి. విషయమంతయు సరిగా నున్నది. రెండవ పేరాలో ఒక వాక్యము మాత్రము చదివెదను. “వుయ్ రిక్వెస్ట్ ఎ పర్మిషన్ ఫర్ ది తెలుగు ఇన్‌స్ట్రక్షన్స్ అండ్ సప్లై ఆఫ్ ది ఫర్నిచర్స్.” పర్మిషన్ ఇక్కడ లెక్కకు రానిది, “ఎ” తీసివేయుడు. ఇన్‌స్ట్రక్షన్స్ అనిన ఆదేశములగును; మనకు కావలసినది బోధన గనుక “ఇన్‌స్ట్రక్షన్ ఇన్ తెలుగు” అనుడు, “ది” పోవును. సప్లై దేనిది? సామానులది, కనుక “ది సప్లై”. ఫర్నిచర్ ఏకవచనములోనే యుండవలెను. ఏ బల్లలో, ఏ కుర్చీలో మనమింకను నిర్ణయింపలేదు గనుక దానికి “ది” లేదు. వెరసి వాక్యమిట్లగును: “వుయ్ రిక్వెస్ట్ పర్మిషన్ ఫర్ ఇన్‌స్ట్రక్షన్ ఇన్ తెలుగు అండ్ ది సప్లై ఆఫ్ ఫర్నిచర్.” బల్లలెన్ని కావలెనో, కుర్చీలెన్ని కావలెనో అంకెలతో ప్రక్కన వేయుడు, బల్లలు, కుర్చీలు లెక్కకు వచ్చునవి. పిల్లల సంఖ్యయు వేయుడు. తరగతికి 10, పాఠశాలకు 40 అను లెక్క మనకు అనుకూలముగా నున్నపుడు దానిని మాటలలో దాచనక్కరలేదు.

మూడవ పేరాలో “లిటిల్” అను మాట ఎక్కడైన నున్నదేమో నేను ముందుగనే వెదకితిని. లేదు. “కన్సిడరబుల్ ఇంట్రెస్ట్” అని యున్నది. అది సరియే, ముందు “ఎ” అక్కరలేదు. దిద్దిన ప్రతిని కార్యదర్శిగారి చేతికిచ్చుచున్నాను. టైపు చేసిన పిమ్మట సంతకములకు ముందు మీలో ఇద్దరు మరల నొకసారి చదివిన బాగుండును. నన్ను మాత్రము చదువుమనవద్దు. నా తప్పు నా కంటికి కనబడదని ఆ పాత అర్జీయే చెప్పినది.